మెటల్ జోన్ కొనొచ్చా? ఈ నెల పెడల్ ప్రశ్నలు

కాలేజీ ఫెస్టులు దగ్గరపడుతున్నట్టున్నాయి. వచ్చిన ఉత్తరాలన్నీ డిస్టార్షన్ గురించే, అంటే ఎలక్ట్రిక్ గిటార్ సౌండ్‌కు గరగర తెచ్చే పెడల్స్ గురించే. అందుకని ఈసారికి అకూస్టిక్ గిటార్ వాళ్లు నన్ను క్షమించాలి.

ప్రశ్న: అన్నా, నేను వరంగల్‌లో బీటెక్ రెండో సంవత్సరం. రెండు హంబకర్లు (జంట కాయిల్ పికప్‌లు) ఉన్న గిటార్, 8 అంగుళాల స్పీకరున్న 15 వాట్ల ప్రాక్టీస్ యాంప్ ఉన్నాయి. మెటల్ వాయించాలని నా కోరిక. సెకండ్ హ్యాండ్‌లో బాస్ కంపెనీ మెటల్ జోన్ డిస్టార్షన్ పెడల్ దొరుకుతోంది. కానీ అది చెవిలో జోరీగలా ఉంటుందని అందరూ తిడుతున్నారు. తీసుకోనా, లేక ఇంకా డబ్బులు దాచి ఇంతకంటే ఎక్కువ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే శక్తి) ఉన్న పెడల్ కొననా?

జవాబు: తీసుకో తమ్ముడూ. నాబ్‌లు తిప్పినప్పుడు గరగర రాకుండా, ఫుట్‌స్విచ్ ఒక్క నొక్కుకే పనిచేస్తూ ఉంటే తీసుకో. ఇంకా ఎక్కువ గెయిన్ కోసం మాత్రం డబ్బు దాచకు. ఆ డబ్బాలో ఉన్న గెయిన్‌లో సగం కూడా నువ్వు వాడవు. వాడకూడదు కూడా.

మెటల్ జోన్ 1991లో వచ్చింది. ఇప్పటికీ తయారవుతూనే ఉంది. ఇన్నేళ్లుగా అమ్ముడవుతున్న పెడల్‌కు ఇంత చెడ్డపేరు రావడానికి కారణం దాని మిడ్ నాబ్. అది జంట నాబ్. ఒకదానితో 200 హెర్ట్జ్ నుంచి 5 కిలోహెర్ట్జ్ వరకు ఏ చోటు కావాలో ఎంచుకుంటావు, రెండోదానితో ఆ చోటును 15 డెసిబెల్స్ దాకా పెంచుతావు లేదా తగ్గిస్తావు. 15 డెసిబెల్స్ అంటే మాటలు కాదు. మామూలు యాంప్ మీద మిడ్ తప్పుగా తిప్పితే సౌండ్ కాస్త బాగోదు, అంతే. ఇక్కడ తప్పుగా తిప్పితే గిటారే కనబడకుండా పోతుంది.

కొత్తగా కొన్న ప్రతివాడూ చేసే పని ఒకటే. లో ఫుల్లు, హై ఫుల్లు, మిడ్ సున్నా, డిస్టార్షన్ ఫుల్లు. గదిలో ఒంటరిగా వాయిస్తే సింహం గర్జించినట్టే ఉంటుంది. జామ్ రూమ్‌కు వెళ్లి డ్రమ్మర్ పక్కన నిలబడగానే ఆ సింహం ఎటు పోయిందో తెలియదు. కింది భాగాన్ని కిక్ డ్రమ్ము, బేస్ గిటారు పంచుకుంటాయి. పైభాగం సింబల్స్‌ది. గిటార్‌కు మిగిలే చోటు మధ్యలోనే, దాన్నేమో నువ్వే కోసి పారేశావు.

నేను రిపేరుకు వచ్చిన ప్రతి మెటల్ జోన్‌నూ తిరిగి ఇచ్చేముందు ఒకే సెట్టింగులో పెట్టి ఇస్తాను. నాబ్‌ను గడియారం ముఖం అనుకుంటే, డిస్టార్షన్ 9 గంటల దగ్గర. లో 12 దగ్గర, నీ స్పీకర్ చిన్నది కాబట్టి ఇంకొంచెం కిందికే. హై 10 దగ్గర. మిడ్ ఫ్రీక్వెన్సీ 1 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల పెట్టి, మిడ్‌ను 12 కంటే కాస్త పైకి. యాంప్ క్లీన్ ఛానల్‌లో ఉండాలి, దాని నాబ్‌లన్నీ మధ్యలో. ఇప్పుడు లావు ఇ స్ట్రింగ్ మీద పామ్ మ్యూట్ (కుడి అరచేతి అంచు తీగల మీద ఆనించి కొట్టడం) వేగంగా కొట్టు. ఒక్కో దెబ్బ విడివిడిగా వినబడాలి. అన్నీ కలిసిపోయి గుర్రుమంటే గెయిన్ ఎక్కువైంది. దెబ్బకు బలం చాలదనిపిస్తే అప్పుడు డిస్టార్షన్ కొద్దికొద్దిగా పెంచు.

గెయిన్ పెంచేకొద్దీ సౌండ్ బరువెక్కుతుందన్నది ఒక హద్దు వరకే నిజం. డిస్టార్షన్ అంటే సిగ్నల్ అలల తలలు నరికి చదును చేయడం. ఒకసారి పూర్తిగా చదునయ్యాక ఇంకెంత నరికినా కొత్తగా వచ్చేది రొద ఒక్కటే. పైగా నువ్వు మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఒకేలా వినబడుతుంది. ఇక రికార్డుల్లో వినే ఆ గోడలాంటి సౌండ్ సంగతి. అది సాధారణంగా ఒక్క గిటార్‌ది కాదు. అదే రిఫ్‌ను మళ్లీ మళ్లీ వాయించి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి పేరుస్తారు. అలా పేర్చేటప్పుడు ఒక్కోదానికి నువ్వు ఊహించుకునేంత గెయిన్ ఉండదు.

ఇంకో చిట్కా. పెద్ద యాంప్ దొరికిన రోజున దాని వెనక ఎఫ్‌ఎక్స్ రిటర్న్ అనే సాకెట్ ఉందేమో చూడు. మెటల్ జోన్‌ను ముందున్న ఇన్‌పుట్‌కు కాకుండా నేరుగా అందులో గుచ్చు. యాంప్‌లో టోన్ నాబ్‌లుండే మొదటి భాగం, అంటే ప్రీయాంప్, పక్కకు తప్పుకుంటుంది, పెడల్ ఈక్యూ (లో, మిడ్, హై సర్దుబాటు) మీద ఇంకో ఈక్యూ పడదు. దీన్ని తిట్టేవాళ్లలో చాలామంది ఈ పని చేసి చూసి ఉండరని నా అనుమానం.

15 వాట్ల యాంప్‌తో డ్రమ్మర్ పక్కన నిలబడాలనుకుంటే మాత్రం ఏ పెడలూ నిన్ను కాపాడలేదు.

ప్రశ్న: సర్, విశాఖపట్నంలో ఒక చిన్న బ్యాండ్‌లో నేను బేస్ వాయిస్తాను. మా గిటారిస్టు డిస్టార్షన్ పెడల్ తీసుకుని బేస్‌కు పెట్టి చూశాను. పెడల్ నొక్కితే సౌండ్ పెద్దదవుతుందనుకుంటే, ఉన్న బరువు కూడా పోయింది. డ్రమ్మరైతే ‘ఏరా, బేస్ ఆపేశావా?’ అన్నాడు. బేస్‌కు వేరే పెడల్ కొనాల్సిందేనా?

జవాబు: మీ డ్రమ్మర్ చెవులు మంచివి. వాణ్ణి వదులుకోకండి.

గిటార్ లావు స్ట్రింగ్ 82 హెర్ట్జ్, బేస్ లావు స్ట్రింగ్ 41 హెర్ట్జ్. అయిదు తీగల బేస్ అయితే బి స్ట్రింగ్ 31 దాకా దిగుతుంది. గిటార్ డిస్టార్షన్ పెడల్స్‌లో చాలావరకు, సిగ్నల్‌ను నరకడానికి ముందే కింది భాగాన్ని కావాలని కోసేస్తాయి. లేకపోతే గిటార్ బురదలా వినబడుతుంది. గిటార్‌కు మేలు చేసే ఆ కోతే మీ బేస్ ప్రాణం తీస్తోంది. మిగిలిన దాన్ని నరికాక పై హార్మోనిక్స్ (అసలు స్వరానికి రెట్లలో పైన మోగేవి) పుట్టుకొచ్చి, ఉన్న చోటంతా అవే ఆక్రమిస్తాయి. మీకు వినబడింది అదే. పైన గరగర, కింద ఖాళీ.

దీనికి మందు బ్లెండ్ నాబ్. మీ అసలు క్లీన్ సిగ్నల్‌ను ముట్టుకోకుండా ఒక దారిలో పంపి, డిస్టార్షన్‌ను ఇంకో దారిలో పంపి, చివర రెండింటినీ కలుపుతుంది. బేస్ కోసం చేసిన పెడల్స్‌లో ఇది ఏదో ఒక పేరుతో ఉంటుంది. బాస్ ఓడీబీ-3 మీద బ్యాలెన్స్ అని, డార్క్‌గ్లాస్ బి3కె మీద బ్లెండ్ అని, ఎలక్ట్రో-హార్మోనిక్స్ బేస్ బిగ్ మఫ్ మీద డ్రై స్విచ్ అని. డార్క్‌గ్లాస్ ఫిన్లాండ్‌లోని హెల్సింకీ కంపెనీ. ఈనాటి మెటల్ బేస్ సౌండ్ అనగానే చాలామంది చెవుల్లో మోగేది వాళ్ల పెడలే. బి3కె మీద గ్రంట్ అనే చిన్న స్విచ్ ఉంటుంది. నరికే భాగంలోకి కింది ఫ్రీక్వెన్సీలు ఎంత వెళ్లాలో అది తేలుస్తుంది. కొత్తవాళ్లు ఆ స్విచ్‌ను ఎక్కువ వైపు పెట్టి, డ్రైవ్ కూడా పెంచి, వినడానికి బాగోలేదంటారు. స్విచ్ మధ్యలో, డ్రైవ్ 10 గంటల దగ్గర, బ్లెండ్ సగం. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

డబ్బు లేదంటారా? బాస్ ఎల్‌ఎస్-2 అనే లైన్ సెలెక్టర్ ఉంది. దానికి రెండు లూప్‌లు, అంటే సెండ్ సాకెట్ నుంచి సిగ్నల్ బయటకెళ్లి రిటర్న్ సాకెట్‌లోకి తిరిగొచ్చే దారులు. ఒక లూప్‌లో మీ ఫ్రెండ్ పెడల్ పెట్టండి, రెండో లూప్‌లో చిన్న కేబుల్‌తో సెండ్‌ను రిటర్న్‌కు కలిపేయండి, రెండూ కలిసే మోడ్‌కు తిప్పండి. ఏ పెడల్‌కైనా బ్లెండ్ వచ్చేసినట్టే. ఒక్క జాగ్రత్త: కొన్ని పెడల్స్ సిగ్నల్‌ను తలకిందులు చేసి బయటకు పంపుతాయి. అలాంటిదాన్ని క్లీన్‌తో కలిపితే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, కింది భాగం మునుపటికంటే పలచబడుతుంది. కలిపాక బేస్ తగ్గిందంటే పెడల్ పాడైందనుకోకండి, ఇదే కారణం.

క్లీన్ బ్లెండ్ లేకుండానే బేస్‌కు కుదిరే పెడల్ అంటే నా ఓటు 1990లలో రష్యాలో తయారైన ఆకుపచ్చ బిగ్ మఫ్‌కు. బరువు బాగానే నిలుస్తుంది. అదే పోలికతో ఇప్పుడు చిన్న సైజులో కొత్తవి వస్తున్నాయి.

అన్నిటికంటే ముందు మీ గిటారిస్టుతో కూర్చుని మాట్లాడండి. పైన వరంగల్ తమ్ముడికి చెప్పిన కొత్తవాళ్లలాగ ఆయన కూడా మిడ్ కోసేస్తూ ఉంటే, ఆ ఖాళీలో మీ బేస్ గరగర హాయిగా కూర్చుంటుంది. ఆయన గెయిన్ తగ్గిస్తే మీరు కొంచెం పెంచుకోవచ్చు. ఇద్దరూ ఫుల్లు పెడితే జనానికి వినబడేది డ్రమ్ములే. ఇంకో సంగతి, 41 హెర్ట్జ్‌ను చిన్న స్పీకర్లు ఎలాగూ పలకలేవు. దాని పైన ఉండే 82, 123 హెర్ట్జ్‌లను విని, కింది స్వరాన్ని మన చెవే ఊహించుకుంటుంది. అందుకే కొంచెం డిస్టార్షన్ ఉన్న బేస్ ఫోన్ స్పీకర్‌లో కూడా తెలుస్తుంది. పూర్తి క్లీన్ బేస్ అక్కడ మాయమవుతుంది.

ప్రశ్న: పెడల్‌కు ఇంట్లో ఉన్న వైఫై రౌటర్ అడాప్టర్ పెట్టాను. పిన్ను సరిగ్గా పట్టింది. ఇప్పుడు లైటు వెలగడం లేదు. పోయినట్టేనా? (కర్నూలు)

జవాబు: పిన్ను పట్టడమే కొంప ముంచింది. రౌటర్ అడాప్టర్లు ఎక్కువగా 12 వోల్టులు, పిన్ను లోపల ప్లస్. గిటార్ పెడల్స్‌కు సాధారణంగా 9 వోల్టులు, లోపల మైనస్. మీరు కరెంటు తిరగేసి, అదీ ఎక్కువగా ఇచ్చారు. అయినా ఆశ వదులుకోకండి. చాలా పెడల్స్‌లో సాకెట్ పక్కనే ఒక కాపలా డయోడ్ ఉంటుంది, ముందు చచ్చేది అదే. దగ్గర్లోని టీవీ మెకానిక్‌కు చూపించి, ‘పవర్ జాక్ దగ్గర డయోడ్ షార్ట్ అయిందేమో చూడండి’ అని చెప్పండి. అదే అయితే కొన్ని రూపాయల పని.

ఇకపై అడాప్టర్ మీద మూడు సంగతులు చూడండి. వోల్టులు పెడల్ మీద రాసినంతే ఉండాలి. ప్లస్ మైనస్ బొమ్మ పెడల్ మీదున్న బొమ్మతో కలవాలి. మిల్లీ ఆంపియర్లు పెడల్ అడిగినదానికంటే ఎక్కువ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. బ్యాటరీ వాడేవాళ్లకు ఒక మాట: చాలా పెడల్స్‌లో ఇన్‌పుట్‌కు కేబుల్ గుచ్చగానే బ్యాటరీ ఖర్చవడం మొదలవుతుంది, లైటు వెలగకపోయినా. వాయించడం అయ్యాక కేబుల్ పీకేయండి.

ప్రశ్న: నమస్కారమండీ. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. హై గెయిన్ పెడల్ అని ఏదో కొనిపెట్టమంటున్నాడు. అది పెడితే సౌండ్ ఇంకా పెద్దగా వస్తుందని మా వారు ఒప్పుకోవడం లేదు. ఇప్పటికే కింది వాటావాళ్లు ఒకసారి పైకి వచ్చారు. అసలు అది ఏం చేస్తుంది? (గుంటూరు నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, పెడల్ సౌండ్ రంగు మారుస్తుంది. కింది వాటావాళ్ల దాకా వెళ్లేది యాంప్ వాల్యూమ్ వల్ల. ఆ నాబ్ మీ చేతిలో ఉంచుకోండి. ఇంకా చెప్పాలంటే, యాంప్‌ను బాగా పెంచితేనే దొరికే గరగరను తక్కువ వాల్యూమ్‌లో ఇవ్వడానికే ఇలాంటి పెడల్ పనికొస్తుంది. మీ వారికి ఈ మాట చెప్పి చూడండి.

యాంప్‌కు హెడ్‌ఫోన్ సాకెట్ ఉంటే మీ సమస్య సగం తీరినట్టే. ఒక్కటి మాత్రం వద్దని చెప్పండి: పెడల్‌కే నేరుగా హెడ్‌ఫోన్ గుచ్చి వినడం. వినడానికి ఘోరంగా ఉంటుంది, చెవులకూ మంచిది కాదు.

కొనేముందు గిటార్ స్ట్రింగ్స్ ఎప్పుడు మార్చాడో అడగండి. నల్లబడిన స్ట్రింగ్స్ మీద ఏ పెడల్ పెట్టినా దండగ. కొత్త స్ట్రింగ్స్ వేసి, నెల రోజులు క్లీన్‌లో పామ్ మ్యూట్ సరిగ్గా సాధన చేసి చూపిస్తే పెడల్ కొంటామని చెప్పండి. ఇది నేనన్నానని చెప్పొద్దు, నన్ను తిట్టుకుంటాడు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) సంగతి మీరూ మీరూ చూసుకోండి.

ప్రశ్న: డిస్టార్షన్ పెడల్ ముందు మళ్లీ ఒక ట్యూబ్ స్క్రీమర్ (తేలికపాటి డిస్టార్షన్ పెడల్) ఎందుకు పెడతారు? రెండు డిస్టార్షన్లు కలిస్తే ఇంకా గజిబిజి కాదా? (తిరుపతి)

జవాబు: దాన్ని డిస్టార్షన్ కోసం పెట్టరు. డ్రైవ్ సున్నా, లెవెల్ ఫుల్లు, టోన్ మధ్యలో. ట్యూబ్ స్క్రీమర్ సర్క్యూట్ తన గెయిన్‌ను దాదాపు 720 హెర్ట్జ్ పైన ఉన్న భాగానికే గట్టిగా ఇస్తుంది, కింది భాగం వెనకబడుతుంది. అంటే తర్వాతి డిస్టార్షన్‌లోకి వెళ్లే ముందే లావు స్ట్రింగ్ బురద తగ్గుతుంది, మధ్యభాగం గట్టిగా వెళ్లి కొడుతుంది. పామ్ మ్యూట్ బిగుసుకుంటుంది. స్ట్రింగ్స్ డ్రాప్ సి, డ్రాప్ బి దాకా దించి వాయించేవాళ్లకు ఇది లేకపోతే ఇల్లు గడవదు. ఇంకో గెయిన్ పెడల్ కొనే డబ్బు ఉంటే, ముందు ఇది కొనండి.

ప్రశ్న: నమస్తే. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కాలేజీ రోజుల్లో స్వీడన్ డెత్ మెటల్ క్యాసెట్లు తెగ వినేవాణ్ణి. ఆ సౌండ్ బాస్ హెచ్‌ఎమ్-2 అనే పెడల్‌దని తెలిసింది. జపాన్‌లో తయారైన పాతదాన్ని చాలా ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. కొనడం తెలివైన పనేనా?

జవాబు: తెలివి సంగతి పక్కన పెట్టండి, మీరు ఎలాగూ కొనేలా ఉన్నారు.

ఆ పెడల్ కథ నాకు భలే ఇష్టం. 1983లో వచ్చింది. పెద్ద యాంపుల వరస ముందు నిలబడిన ఫీలింగ్ కోసం దాన్ని తెచ్చారు. 1991లో ఆపేశారు. ఆ మధ్యలో స్టాక్‌హోమ్‌లో కుర్రాళ్లు దాని నాబ్‌లు నాలుగూ చివరిదాకా తిప్పేశారు. లెవెల్, లో, హై, డిస్టార్షన్, అన్నీ ఫుల్లు. ఏ ఇంజనీరూ అలా వాడమని చెప్పడు. సన్‌లైట్ స్టూడియోలో టోమస్ స్కోగ్స్‌బెర్గ్ దగ్గర ఎన్టూమ్డ్ బ్యాండ్ తమ మొదటి ఆల్బమ్ చేసి 1990లో విడుదల చేసేసరికి, ఆ రంపపు కోత ఒక ఊరి సంతకమైపోయింది. డిస్‌మెంబర్ అనే బ్యాండ్ కూడా అదే దారి పట్టింది.

పైన నేను అందరికీ గెయిన్ తగ్గించండి, తగ్గించండి అని నసపెట్టాను కదా. హెచ్‌ఎమ్-2 అన్నీ ఫుల్లు పెట్టినా బ్యాండ్‌లో ఎలా వినబడుతుంది? దాని హై నాబ్ పేరుకే హై. నిజానికి అది పెంచేది 1 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల భాగాన్ని. అంటే అది ఫుల్లు తిప్పితే మిడ్ ఫుల్లు తిప్పినట్టే. ఆ కుర్రాళ్లు తెలిసో తెలియకో మిడ్‌ను ఆకాశానికెత్తారు. గిటార్ నిలబడింది.

ఇక కొనడం. 2020లో బాస్ వాళ్లు వాజా క్రాఫ్ట్ పేరుతో హెచ్‌ఎమ్-2డబ్ల్యూను ప్రకటించారు. పాత సౌండ్ మోడ్ అందులోనే ఉంది. ఇంకా చౌకగా కావాలంటే బెరింగర్ హెచ్‌ఎమ్300 ఉంది. ప్లాస్టిక్ డబ్బా, నాజూకుగా తొక్కాలి, కానీ కళ్లు మూసుకుని వింటే తేడా చెప్పడం కష్టం. పాత జపాన్ పెడల్‌లో మీరు అదనంగా ఇచ్చే డబ్బంతా జ్ఞాపకానికే. అది తప్పేమీ కాదు. కొంటే మాత్రం అడాప్టర్ చూసుకోండి. ఆ కాలం బాస్ పెడల్స్‌లో చాలావాటి మీద ఏసీఏ అని, అంటే పాత రకం అడాప్టర్ పేరు, రాసి ఉంటుంది. అవి ఇప్పటి 9 వోల్టుల పీఎస్‌ఏ అడాప్టర్‌తో ఒంటరిగా పెడితే లైటు మసకగా వెలుగుతుంది, సౌండ్ నీరసంగా ఉంటుంది. పెడల్ పాడైందని అమ్మినవాడితో గొడవకు దిగేముందు 9 వోల్టుల బ్యాటరీ వేసి వినండి.

ప్రశ్న: అన్నా, మా ఫెస్ట్‌లో గిటార్ యాంప్ ఇవ్వరట. పెడల్ నుంచి నేరుగా మిక్సర్‌కు ఇచ్చేయమంటున్నారు. రిహార్సల్‌లో అలా పెడితే గాజుపెంకులు గీరినట్టుంది. పెడల్ మార్చాలా? (హైదరాబాద్)

జవాబు: పెడల్ మార్చకు. గిటార్ యాంప్‌లో ఉండే స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ పైన పెద్దగా పలకదు. డిస్టార్షన్‌లో పుట్టే చెత్తంతా ఉండేది అక్కడే, ఆ స్పీకర్ దాన్ని జల్లెడ పట్టి ఆపేస్తుంది. స్టేజి మీద ఉండే పెద్ద సౌండ్ బాక్సులు 15 కిలోహెర్ట్జ్ పైదాకా నిజాయితీగా పలుకుతాయి. నువ్వు విన్న గాజుపెంకులు అవే.

పెడల్ తర్వాత క్యాబ్ సిమ్, అంటే గిటార్ స్పీకర్ లాగా జల్లెడ పట్టేది, ఒకటి కావాలి. చాలా మల్టీ ఎఫెక్ట్స్‌లో ఇది ఉంటుంది. ఫ్రెండ్ దగ్గర చిన్న మల్టీ ఎఫెక్ట్స్ ఉంటే అడుక్కో, అందులో మిగతావన్నీ ఆఫ్ చేసి క్యాబ్ ఒక్కటే ఆన్ పెట్టి, నీ పెడల్ తర్వాత చివరగా పెట్టు. అదీ దొరక్కపోతే సౌండ్ ఆయన్ని మంచి చేసుకో. డిజిటల్ మిక్సర్ అయితే నీ ఛానల్ మీద 6 కిలోహెర్ట్జ్ పైన హై కట్ పెట్టమని అడుగు. ‘హై తగ్గించండి’ అంటే చాలదు. హై నాబ్ తగ్గిస్తే పై చివర మెల్లగా వంగుతుందంతే, నీకు కావలసింది కోత. ముందు టీ తాగించి అడుగు. గోదావరి జిల్లాల్లో పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించిన రోజుల నుంచీ నాకు తెలిసిన అన్ని సౌండ్ సిస్టమ్‌ల మీదా పనిచేసిన పద్ధతి ఇది ఒక్కటే.

ప్రశ్న: పెడల్ ఆన్ చేస్తే చాలు, వాయించకపోయినా గుంయ్‌మని మోత. స్ట్రింగ్స్ ముట్టుకుంటే తగ్గుతుంది. నాయిస్ గేట్ (మోతను ఆపే పెడల్) కొంటే పోతుందా? (నిజామాబాద్)

జవాబు: ముట్టుకుంటే తగ్గడం మామూలే, గిటార్‌లో తప్పేమీ లేదు. ముట్టుకున్నప్పుడు పెరిగితే మాత్రం లోపల గ్రౌండ్ వైరు ఊడిందేమో చూపించాలి. గిటార్ పట్టుకుని మైక్‌కు పెదవి ఆనించినప్పుడు చురుక్కుమంటే వెంటనే ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మన పాత ఇళ్లలో మూడు కన్నాల సాకెట్ ఉంటుంది గానీ పై కన్నంలో ఎర్తింగ్ ఉందో లేదో దేవుడికే తెలియాలి. మోత తగ్గుతుందని ఎవరైనా యాంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టమంటే వాళ్ల మాట వినొద్దు.

గేటు కొనేముందు డబ్బు ఖర్చు లేని పనులు చేయండి. గదిలో ఫ్యాన్ రెగ్యులేటర్ పూర్తిగా ఆఫ్ చేసి వినండి. కొన్ని ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు, లైటు డిమ్మర్లు చేసే జుయ్‌మనే శబ్దం హై గెయిన్‌లో వందింతలవుతుంది. స్టెబిలైజర్, ఇన్వర్టర్‌కు దూరంగా జరగండి. సింగిల్ కాయిల్ పికప్ అయితే మీరున్న చోటే మెల్లగా తిరగండి, ఏదో ఒక దిక్కులో మోత బాగా తగ్గుతుంది. స్టేజి మీద కూడా ఆ దిక్కుకే నిలబడండి. నాలుగైదు పెడల్స్‌కు ఒకే అడాప్టర్ గొలుసులా ఇచ్చి ఉంటే, డిస్టార్షన్‌కు ఒక్కదానికి బ్యాటరీ వేసి చూడండి.

ఇవన్నీ అయ్యాక మిగిలినదానికి గేటు. బాస్ ఎన్‌ఎస్-2కు సెండ్, రిటర్న్ ఉంటాయి. గిటార్‌ను దాని ఇన్‌పుట్‌కు ఇచ్చి, డిస్టార్షన్‌ను సెండ్‌కూ రిటర్న్‌కూ మధ్య పెట్టండి. అప్పుడది మీ క్లీన్ గిటార్‌ను విని, మీరు ఆపారో లేదో తెలుసుకుని తలుపు మూస్తుంది. డిస్టార్షన్ తర్వాత ఊరికే పెడితే మోతకూ స్వరానికీ తేడా తెలియక తికమకపడుతుంది. ఏ గేటయినా మీరు వాయించనప్పుడే పనిచేస్తుంది. వాయిస్తున్నప్పుడు మోత లోపలే ఉంటుంది.

ప్రశ్న: అంకుల్, మాది భీమవరం. చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నాను. ఇప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ మీద డిస్టార్షన్‌తో కీర్తనలు వాయించాలని ఉంది. లూప్ పెడల్‌లో (వాయించింది రికార్డు చేసి మళ్లీ మళ్లీ మోగించేది) శ్రుతి పెట్టుకుని దాని మీద వాయిస్తే అంతా కలగాపులగం అవుతోంది. మా టీచర్ గారైతే ‘ఇది అపచారం’ అన్నారు. మెటల్ పెడల్ దీనికి పనికిరాదా?

జవాబు: అపచారం సంగతి మీ టీచర్ గారికే వదిలేద్దాం తల్లీ. మీ పక్కనున్న పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ తెచ్చినప్పుడు కూడా ముక్కు విరిచినవాళ్లున్నారు. ఆయనది క్లీన్ సౌండే అనుకో.

కలగాపులగానికి కారణం పెడల్ కాదు, నువ్వు పెట్టిన వరస. డిస్టార్షన్‌లోకి రెండు స్వరాలు కలిసి వెళితే ఆ రెండే బయటకు రావు. వాటి కూడిక, తీసివేత కూడా పుట్టుకొస్తాయి. షడ్జమం 110 హెర్ట్జ్ అనుకో, పంచమం 165. తీసివేస్తే 55, అంటే కింది స్థాయి షడ్జమమే. అందుకే రాక్ వాళ్లు స-ప కలిపి పవర్ కార్డ్ అని వాయించుకుంటారు, ఎంత గెయిన్ పెట్టినా కుదురుతుంది. ఇప్పుడు అంతర గాంధారం తీసుకో. శుద్ధంగా అయితే 137.5, తీసివేస్తే 27.5, అదీ షడ్జమమే. కానీ గిటార్ ఫ్రెట్ మీద ఆ స్వరం 138.6 దగ్గర ఉంటుంది. తీసివేస్తే 28.6. వయొలిన్ మీద పెరిగిన నీ చెవికి అది ఎంత అపశ్రుతో నేను చెప్పక్కర్లేదు. మిగతా స్వరాలు, గమకాలు శ్రుతితో కలిసి ఒకే పెడల్‌లోకి వెళితే ఏమవుతుందో ఊహించుకో.

కాబట్టి శ్రుతిని డిస్టార్షన్‌లోంచి పోనివ్వకు. లూప్ పెడల్‌ను డిస్టార్షన్ తర్వాత పెట్టినా కొంత నయం. దానికంటే మేలు, శ్రుతికి వేరే స్పీకర్ పెట్టుకోవడం. నువ్వు వాయించేది ఒంటి స్వరాలు కాబట్టి పెడల్‌కు ఇబ్బంది ఉండదు. ఎడమ చేత్తో మిగతా తీగలను తాకకుండా మూసి ఉంచడం మాత్రం గట్టిగా సాధన చెయ్యి. ఒక తీగ మోగుతుంటే పక్క తీగ కొద్దిగా కదిలినా మళ్లీ అదే తంటా.

పెడల్ అంటే నేనైతే నీకు మెటల్ జోన్ చెప్పను. ప్రోకో కంపెనీ ర్యాట్ పెడల్ తీసుకో. అమెరికాలో కలమజూ అనే ఊళ్లో 1970ల చివర పుట్టింది. డిస్టార్షన్, ఫిల్టర్, వాల్యూమ్, మూడే నాబ్‌లు. దాని ఫిల్టర్ తిరగేసి పనిచేస్తుంది, కుడికి తిప్పేకొద్దీ పై భాగం తగ్గి గొంతు లావవుతుంది. 2 గంటల దగ్గర పెట్టు. డిస్టార్షన్ 11 దగ్గర చాలు. మెడ వైపు పికప్ వాడు. ఒక్కసారి మీటితే స్వరం ఎంతసేపు నిలుస్తుందో చూశాక, కమాను లేకుండా గమకం ఎలా అన్న బెంగ కాస్త తగ్గుతుంది. తీగ లాగడానికి సులువుగా ఉండేలా 9 గేజ్ స్ట్రింగ్స్ వేయించుకో. తంబుర యాప్ పెట్టిన స్పీకర్‌ను యాంప్‌కు ఎదురుగా, గదికి అవతలి వైపు పెట్టు. రెండూ ఒకేచోట ఉంటే డిస్టార్షన్ మోతలో శ్రుతి నీకే వినబడదు.